తునికి కొమ్మ, రాగిరేకు, చేతిరంగు

చేతిరంగుల వృక్షచిత్రం అంటే రాగిరేకు మీద చెక్కిన గీతలను నల్లసిరాతో కాగితం మీదికి అచ్చొత్తి, ఆ ప్రతుల్లో ఒక్కొక్కదానికీ విడివిడిగా కుంచెతో రంగులు దిద్దిన మొక్క బొమ్మ. గీత అచ్చుది, రంగు చేతిది. రంగుల ముద్రణ చౌకగా అందుబాటులోకి రాకముందు, 18వ శతాబ్దంలోనూ 19వ శతాబ్దం మొదటి సగంలోనూ ఐరోపాలో వెలువడిన ఖరీదైన వృక్షశాస్త్ర గ్రంథాల్లో చాలావాటికి బొమ్మలు ఈ పద్ధతిలోనే సమకూరాయి. చెట్టును చూపించాల్సి వచ్చినప్పుడు వీటిలో చెట్టంతా కనిపించదు. ఆకులు, పూలు, కాయలు ఉన్న ఒక్క కొమ్మ మాత్రమే కనిపిస్తుంది. పది పదిహేను మీటర్ల చెట్టును ఒక పుటలో ఇమిడిస్తే ఆకు అంచు గానీ కాయ ముచ్చిక గానీ కంటికి ఆనవు. జాతిని గుర్తుపట్టడానికి కావలసిన ఆనవాళ్లలో ఎక్కువ భాగం మూరెడు కొమ్మలోనే దొరుకుతాయి.

తెలుగు నేల మీద పుట్టి ప్రపంచ వృక్షశాస్త్రంలో స్థిరపడిన ఇలాంటి బొమ్మల గ్రంథం ఒకటుంది. విలియం రాక్స్‌బర్గ్ రచించిన ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ 1795 నుంచి 1820 దాకా లండన్‌లో భాగాలుగా వెలువడి మూడు పెద్ద సంపుటాలైంది. ఒక్కో సంపుటంలో వంద చొప్పున మొత్తం 300 పటాలు. మొదటి సంపుటంలోని 46వ పటం తునికి చెట్టుది. బీడీ ఆకుగా, ఎండాకాలపు అడవి పండుగా తెలుగువారికి తెలిసిన ఆ చెట్టుకు డయోస్పైరాస్ మెలనాక్సిలాన్ అనే శాస్త్రీయ నామం ఈ గ్రంథంతోనే వచ్చింది. నేటికీ అదే నిలిచి ఉంది.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండ్‌లో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం, దానితోపాటే జాన్ హోప్ దగ్గర వృక్షశాస్త్రం నేర్చుకున్నాడు. 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు కొలువులో వైద్యుడిగా చేరాడు. 1780లలో ఆయన మకాం సామర్లకోటకు మారింది. అక్కడ తోట వేసి మిరియం, కాఫీ, దాల్చిన, నీలి వంటి పంటలు పెంచి చూశాడు. వాతావరణ కొలతలు రాసి పెట్టాడు. చుట్టుపక్కల అడవుల నుంచి, తీరం నుంచి మొక్కలు తెప్పించి పరిశీలించాడు. ఆ ప్రాంతంలో ఆయనకు ముందే ఇద్దరు దారి వేసి ఉన్నారు. లిన్నేయస్ శిష్యుడు యోహన్ గెర్హార్డ్ కోనిగ్ మద్రాసు ప్రభుత్వానికి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసి 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో కన్నుమూశాడు. విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాములు, చేపల మీద పుస్తకాలు సిద్ధం చేసిన వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ ఆ తర్వాత అదే పదవి చేపట్టాడు. తీరపు మొక్కల మీద బొమ్మలతో ఒక గ్రంథం తేవాలని కంపెనీకి సూచించిందీ, చివరికి రాక్స్‌బర్గ్ పుస్తకానికి ముందుమాట రాసిందీ రస్సెలే. ఆయన తర్వాత ఆ పదవి రాక్స్‌బర్గ్‌కు దక్కింది.

సామర్లకోటలో రాక్స్‌బర్గ్ ఎప్పుడూ చిత్రకారుణ్ణి జీతమిచ్చి పెట్టుకునేవాడు. మొక్క పచ్చిగా ఉండగానే బొమ్మ వేయించడం, పక్కన కూర్చుని వర్ణన రాయడం, స్థానికులు దాన్ని దేనికి వాడతారో అడిగి నమోదు చేయడం ఆయన పని తీరు. వర్ణనల్లో తెలుగు పేర్లు కూడా చేర్చాడు. ఇలా తయారైన బొమ్మలు వందల్లో లండన్‌కు చేరాయి. 1793లో ఆయన కలకత్తాలోని కంపెనీ వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లాక పని ఇంకా పెరిగింది. 1813లో దేశం వదిలేనాటికి ఆయన వేయించిన చిత్రాలు రెండున్నర వేలు దాటాయి. వాటిలో ఒక వరస కోల్‌కతా పక్కనున్న శిబ్‌పూర్‌లోని హెర్బేరియంలోనూ, మరో వరస లండన్ క్యూ ఉద్యానంలోనూ భద్రంగా ఉన్నాయి.

ఆ చిత్రకారులెవరో గ్రంథం చెప్పదు. రాగిరేకు చెక్కిన డేనియల్ మెకంజీ పేరు మిగిలింది, ముద్రాపకుడు విలియం బుల్మర్ పేరు మిగిలింది, పుస్తకం వేసిన జార్జ్ నికల్ పేరు మిగిలింది. సామర్లకోట ఎండలో కొమ్మ వాడిపోకముందే ఆకు ఆకునీ ఈనె ఈనెనీ కాగితం మీద పెట్టిన మనిషి పేరు మాత్రం అచ్చుకెక్కలేదు. శాస్త్రజ్ఞుడి వర్ణన ఎంత విలువైనదో ఈ పని కూడా అంతే విలువైనది. బొమ్మ తప్పితే వర్ణన గాల్లో వేలాడుతుంది. కాబట్టి దీన్ని చిన్న లోపంగా తీసిపారేయడానికి వీల్లేదు. భారతీయ సూక్ష్మచిత్రకళలో చేయి తిరిగినవారికి సన్నని గీత, చదునైన రంగు, అంచుల్లో తేడాలేని నిలకడ ముందే అబ్బి ఉంటాయి. కంపెనీ వైద్యులు వారికి కొత్తగా నేర్పింది వృక్షశాస్త్రం కోరే క్రమశిక్షణ. అందంగా కనపడాలని ఆకులు కలపకూడదు, తీసేయకూడదు. కొమ్మ మీద ఏది ఎక్కడ ఉందో అక్కడే ఉండాలి.

ఈ క్రమశిక్షణ ఎంత కష్టమో తునికి కొమ్మను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. లేత ఆకు రెండు వైపులా మెత్తని నూగుతో ఉంటుంది. ముదిరే కొద్దీ పైభాగం నూగు రాలి మందంగా, తోలులా తయారవుతుంది. అడుగుభాగంలో మాత్రం ఈనెలు ఉబ్బి, నూగు నిలిచి, రంగు కాస్త పాలిపోయి కనిపిస్తుంది. అందుకే చిత్రకారుడు కనీసం ఒక ఆకునైనా తిప్పి అడుగువైపు చూపించాలి. ఆకులు కొన్నిచోట్ల కణుపుకు రెండేసి ఎదురెదురుగా, కొన్నిచోట్ల కాస్త ఎగుడుదిగుడుగా, ఇంకొన్నిచోట్ల ఒకటి విడిచి ఒకటిగా పుడతాయి. దీన్ని చక్కగా ఒకే వరసలో దిద్దేస్తే బొమ్మ అబద్ధమవుతుంది. కాయ లేతగా ఉన్నప్పుడు దాని మీద కూడా దట్టమైన నూగు ఉంటుంది. పండే సమయానికి నూగు రాలి, పచ్చ తిరిగి, నున్నటి పసుపు పండవుతుంది. అడ్డంగా కోస్తే పసుపు గుజ్జులో చదునైన గింజలు చుట్టూ పేర్చినట్టు ఉంటాయి. పూవు రాలినా రక్షకపత్రాలు రాలవు. కాయతోపాటే పెరిగి, గట్టిపడి, అంచులు వెనక్కి మడుచుకుని పండు నెత్తిన టోపీలా కూర్చుంటాయి. తునికి కుటుంబాన్ని పట్టిచ్చే గుర్తుల్లో ఇది ముఖ్యమైనది. కూరగాయల కొట్టులో విదేశీ పండుగా అమ్మే పెర్సిమన్ నెత్తిన ఉండేదీ ఇదే, ఎందుకంటే అదీ డయోస్పైరాస్ ప్రజాతిదే. పచ్చికాయ కొరికితే నాలుక పిడచకట్టి నోరంతా ఒగరు పట్టడానికి కారణం టానిన్లు. అవి లాలాజలంలోని ప్రోటీన్లతో కలిసి గడ్డకడతాయి, నోటిలో జారుడు పోతుంది. పండే క్రమంలో టానిన్లు నీటిలో కరగని రూపానికి మారడంతో ఒగరు తగ్గి తీపి బయటపడుతుంది.

మగపూలు, ఆడపూలు తునికిలో వేర్వేరు చెట్ల మీద పూస్తాయి. మగపూలు చిన్నవి, గుత్తులుగా ఉంటాయి. ఆడపూవు కాస్త పెద్దది, సాధారణంగా ఒంటిగా ఆకు గ్రీవంలో కూర్చుంటుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కొత్త చిగుళ్ల మీద పూత వస్తుంది. ఆ పూత కాయై, పండై రాలడానికి దాదాపు ఏడాది పడుతుంది. అంటే ఆడచెట్టు మీద వేసవిలో పాత కొమ్మ మీద నిరుటి పండ్లు, దాని చివర కొత్త రెమ్మ మీద ఈ ఏటి పూలు ఒకేసారి ఉండే వీలుంది. ఇంత అనుకూలం అన్ని చెట్లలోనూ దొరకదు. వెలగ వేసవి మొదట్లో పూసి చలికాలంలో పండుతుంది. అలాంటి చెట్టుకు బొమ్మ వేయాలంటే పూతకాలంలో ఒకసారి, కాయలకాలంలో మరోసారి కొమ్మలు తెచ్చి, రెండింటినీ ఒకే కాగితం మీద చేర్చాలి. తునికి విషయంలోనూ మగపూల కోసం మరో చెట్టు దగ్గరికి పోవాల్సిందే.

వృక్షచిత్రం అసలు స్వభావం ఇక్కడే బయటపడుతుంది. అది ఏ ఒక్క కొమ్మకూ నకలు కాదు. ఆ జాతి ఎలా ఉంటుందో చూపించడానికి అనేక కొమ్మల నుంచి, కొన్నిసార్లు అనేక నెలల నుంచి ఏరి కూర్చిన బొమ్మ. పురుగు తిన్న ఆకు, గాలికి వంగిన రెమ్మ, ఎండకు కమిలిన కాయ అందులోకి రావు. అవి ఆ చెట్టుకు జరిగిన సంగతులే తప్ప జాతి లక్షణాలు కావు. పుట అడుగున పూవును చీల్చి కేసరాలు, అండాశయం, కీలాగ్రం విడివిడిగా చూపించి అంకెలు వేస్తారు. లిన్నేయస్ 1735లో ప్రతిపాదించిన వర్గీకరణ కేసరాలనూ, కీలాలనూ లెక్కపెట్టడం మీద ఆధారపడింది కాబట్టి ఆ కాలపు పాఠకుడు ముందుగా చూసేది ఆ చిన్న బొమ్మలనే. ఫొటోగ్రాఫు వచ్చి నూటఎనభై ఏళ్లు దాటినా గీసిన బొమ్మకు వృక్షశాస్త్రంలో పని తప్పకపోవడానికి కారణం ఈ కూర్పే. కెమెరా ఎదురుగా ఉన్న ఒక్క కొమ్మను, ఆ ఒక్క క్షణాన్ని పట్టుకుంటుంది. చిత్రకారుడు అవసరమైనదాన్ని ఎంచి, అవసరం లేనిదాన్ని విడిచిపెడతాడు.

కాయను చూపించడం ఎందుకంత ముఖ్యమో రాక్స్‌బర్గ్ మొదటి సంపుటంలోని 4, 5 పటాలు చెబుతాయి. నాలుగోది ముష్టి చెట్టు, అయిదోది చిల్ల చెట్టు. రెండూ స్ట్రిక్నాస్ ప్రజాతికి చెందినవే. రెండింటికీ ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, ఆకు మొదట్లోంచే కొన్ని ఈనెలు చీలి పైకి సాగుతాయి. ముష్టి గింజలో స్ట్రిక్నిన్ ఉంది. అది వెన్నుపాములోని నాడులను అదుపు తప్పించి, కండరాలు బిగదీసి ప్రాణం తీసే విషం. చిల్లగింజను మాత్రం తెలుగు పల్లెల్లో కుండ లోపలి గోడకు అరగదీసి, బురద నీళ్లు పోసి తేర్చేవారు. గింజలోంచి విడుదలయ్యే పదార్థాలు నీటిలో తేలే మట్టి రేణువులను ఒకదానికొకటి అంటించి బరువెక్కించి అడుగుకు దింపుతాయి. ఒకటి చంపేది, ఒకటి నీటిని తేర్చేది. ఈ రెంటినీ ఆకుతో వేరు చేయబోతే పొరపాటు పడే అవకాశం ఉంది. కాయతో అయితే వెంటనే తెలిసిపోతుంది. ముష్టి కాయ చిన్న నారింజంత ఉండి పండితే నారింజ రంగుకు తిరుగుతుంది, లోపల బిళ్లల్లాంటి చదునైన గింజలుంటాయి. చిల్లకాయ చిన్నది, పండితే నల్లబడుతుంది, లోపల ఒకే గింజ ఉంటుంది. పక్కపక్క పుటల్లో ఈ రెండు కొమ్మలు ఉండటం వైద్యుడికి ఎంత ఉపయోగమో వేరే చెప్పనక్కర్లేదు.

ఇదే సంపుటంలో 12వ పటంగా నల్లజీడి, రెండో సంపుటంలో వెలగ, మారేడు, కరక్కాయ, తాని ఉన్నాయి. నల్లజీడి కాయ చిత్రకారుడికి గట్టి పరీక్ష. నిజమైన కాయ నల్లగా, గట్టిగా ఉంటుంది. దాని పైన ముచ్చిక దగ్గర ఉబ్బిన కండ మాత్రం పండి నారింజ రంగుకు వస్తుంది. రెండూ కలిసి ఒకే పండులా కనిపిస్తాయి. ఆ కండ పూవు పీఠం ఉబ్బి ఏర్పడింది, కాయ భాగం కాదు. ఈ తేడాను రంగు మార్పుతో, వాటి మధ్య గీసిన సన్నని అంచుతో చూపించగలిగితేనే బొమ్మ సరైనదవుతుంది. చాకళ్లు బట్టల మీద గుర్తులు పెట్టడానికి వాడిన జీడి ఆ నల్లకాయ పెంకులోనిదే. చర్మానికి తగిలితే బొబ్బలెక్కే రసం అది.

లండన్ చేరిన బొమ్మల్లోంచి అచ్చుకు 300 ఎంపిక చేసే పని రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో జరిగింది. ఎంపికైన బొమ్మను రాగిరేకు మీదికి మార్చడం మొదటి మెట్టు. నున్నగా మెరుగుపెట్టిన రేకు మీద పల్చని మైనపు పూత పూసి, బొమ్మ రేఖలను దాని మీదికి ఎత్తి, సూదితో మైనాన్ని గీరుతారు. గీరినచోట రాగి బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ముంచితే అది ఆ గీతల వెంటే రాగిని తినేసి గాడులు చేస్తుంది. తర్వాత చెక్కేవాడు పదునైన ఉక్కు ఉలితో గీతలను సరిదిద్దుతాడు, లోతు పెంచుతాడు, కొత్తవి చెక్కుతాడు. నీడ చూపించడానికి అతని దగ్గర ఉన్నది గీత ఒక్కటే. దగ్గరదగ్గరగా చెక్కితే చీకటి, దూరదూరంగా చెక్కితే వెలుతురు. గుండ్రని కాయ ఒంపును దాని చుట్టూ తిరిగే గీతలతోనే పట్టాలి, నూగును చుక్కలతో, చిన్న చిన్న గాట్లతో పట్టాలి. రంగులు దిద్దాల్సిన రేకు మీద నీడలు మరీ చిక్కగా చెక్కకూడదు, చెక్కితే పైన పూసే రంగు మురికిపడుతుంది. చెక్కేవాడికి ఈ సంయమనం తెలిసి ఉండాలి.

ఇక్కడే ఒక శాస్త్రీయమైన చిక్కు ఉంది. రేకు మీది బొమ్మ కాగితం మీదికి కుడి ఎడమలు తారుమారై వస్తుంది. కాబట్టి రేకు మీద ముందే తిరగేసి చెక్కాలి. చెట్టు కొమ్మ తారుమారైతే పెద్దగా నష్టం లేదు. తీగ తారుమారైతే ఉంది. పందిరికి ఎడమ నుంచి కుడికి చుట్టుకునే తీగ ఉంటుంది, కుడి నుంచి ఎడమకు చుట్టుకునేదీ ఉంటుంది. ఆ దిశ జాతి లక్షణం. బొమ్మ అజాగ్రత్తగా చెక్కితే ప్రకృతిలో లేని తీగ పుస్తకంలో పుడుతుంది.

అచ్చు వేయడానికి కాల్చిన మసిని మరిగించిన అవిసెనూనెలో కలిపి చేసిన చిక్కని సిరాను రేకంతా పూసి, గాడుల్లో సిరా నిలిచేలా పైభాగాన్ని గుడ్డతోనూ అరచేతితోనూ తుడిచేస్తారు. తడిపిన కాగితాన్ని రేకు మీద పరిచి, రెండు బరువైన రోలర్ల మధ్య నుంచి నడిపిస్తారు. మెత్తబడిన కాగితం గాడుల్లోకి దిగి సిరాను పైకి లాక్కుంటుంది. ప్రతి ప్రతికీ ఈ పనంతా మళ్లీ మొదటి నుంచీ చేయాలి. రాగి మెత్తని లోహం కాబట్టి ఒత్తిడికి సన్నని గీతలు క్రమంగా అరిగిపోతాయి. అందుకే ముందు అచ్చయిన ప్రతుల్లో నూగు, ఈనెలు ఎక్కువ స్పష్టంగా ఉంటాయి. కాగితం పాత నార, నూలు గుడ్డపేలికల గుజ్జుతో చేసింది. అందులో ఆమ్లం తక్కువ కనుకే రెండు వందల ఏళ్లు దాటినా మడత దగ్గర విరగకుండా ఉంది. చెక్కగుజ్జుతో చేసిన తర్వాతి కాలపు కాగితాలు చాలావరకు ఇంతకాలం నిలవలేదు.

రంగుల పని ముద్రణశాలకు వెలుపల జరిగేది. ముందుగా ఒక నమూనా ప్రతికి శాస్త్రజ్ఞుడు గానీ చిత్రకారుడు గానీ ఒప్పుకున్న రంగులు దిద్దేవారు. దాన్ని ఎదురుగా పెట్టుకుని రంగరులు మిగతా ప్రతులు నింపేవారు. లండన్‌లో ఇది కూలిపని. ఆడవాళ్లు, చిన్నపిల్లలు కూడా ఇందులో ఉండేవారు. ఒకరు ఆకులకే ఆకుపచ్చ పూస్తూ పోతే, మరొకరు పండ్లకు పసుపు, ఇంకొకరు కొమ్మలకు గోధుమరంగు పూసుకుంటూ పోవడం మామూలు. నీటిరంగును పల్చగా పూస్తే కింద అచ్చయిన గీతలు కనిపిస్తూ నీడలు ఇస్తాయి. రంగరి కొత్తగా నీడలు వేయనక్కర్లేదు. నిగనిగలాడే పండు మీద తుమ్మజిగురు కలిపిన రంగు ఇంకోసారి పూసి మెరుపు తెచ్చేవారు. కాగితాన్ని పక్కకు వంచి చూస్తే ఆ మెరుపు ఇప్పటికీ తెలుస్తుంది. అచ్చు గీతను దాటి బయటికి పోయిన కుంచె, ఒక ప్రతిలో ముదురుగానూ మరో ప్రతిలో లేతగానూ ఉన్న ఒకే ఆకు, ఇవన్నీ ఆ పనివాళ్లు వదిలిన జాడలే. సామర్లకోట చిత్రకారుడి పేరు తెలియనట్టే వీళ్ల పేర్లూ తెలియవు.

ఆ రంగులు రసాయనికంగా ఒక్కతీరువి కావు. పసుపుకు ఆగ్నేయాసియా చెట్ల నుంచి వచ్చే గాంబోజ్ జిగురు వాడేవారు. నీలానికి నీలిమందు గానీ, 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో కనిపెట్టిన ప్రష్యన్ బ్లూ గానీ వాడేవారు. ఆకుపచ్చ ఎక్కువగా ఈ పసుపు, నీలాల కలయికే. ఎరుపుకు ఇంగిలీకం, లేదా మెక్సికో కాక్టస్ మొక్కల మీద బతికే కోచినీల్ పురుగుల నుంచి తీసిన కార్మైన్. వెలుతురు తగిలితే కార్మైన్, మొక్కల పసుపులు వెలిసిపోతాయి. ప్రష్యన్ బ్లూ అంత త్వరగా వెలవదు. గోడకు వేలాడిన పాత పటాల్లో ఆకులు నీలంగా కనిపించడానికి కారణం అదే. చిత్రకారుడు నీలపు ఆకులు వేయలేదు, కాలం పసుపును తీసుకుపోయింది. తెలుపు కోసం వాడిన సఫేదా సీసం సమ్మేళనం. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే అది నల్లని లెడ్ సల్ఫైడ్‌గా మారుతుంది. తెల్లపూలు కొన్ని పటాల్లో మసిపట్టినట్టు ఉండేది ఇందువల్లే. రాగి నుంచి తయారైన చిలుము పచ్చ వాడితే అది కాలక్రమంలో గోధుమరంగుకు తిరిగి, కింది కాగితాన్నే పెళుసుగా మార్చగలదు. తేమ, బూజు, ఇనుము రేణువుల వల్ల కాగితం మీద గోధుమరంగు మచ్చలు పుడతాయి. ఒకే పుస్తకంలో మూసి ఉన్న పుటల రంగులు ఈనాటికీ తాజాగా ఉండి, చట్రం కట్టి వేలాడదీసినవి వెలిసిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఈ కారణాల వల్ల రంగు విషయంలో చేతిరంగుల పటాన్ని పూర్తిగా నమ్మకూడదు. గీత విషయంలో నమ్మవచ్చు. అందుకే వృక్షశాస్త్రంలో ఇవి ఇప్పటికీ సాక్ష్యంగా పనికొస్తున్నాయి. ఒక జాతికి పేరు పెట్టినప్పుడు ఆ పేరు ఏ నమూనాకు చెందుతుందో నిర్ణయించాలి. సాధారణంగా ఎండబెట్టి అట్టకు అతికించిన కొమ్మ అందుకు ఆధారం. పాత పేర్ల విషయంలో అలాంటి కొమ్మ దొరకనప్పుడు ఆనాడు అచ్చయిన బొమ్మనే ఆధారంగా ఎంచుకోవడానికి అంతర్జాతీయ నామకరణ నియమాలు ఒప్పుకుంటాయి. పేర్లు మారినా బొమ్మ మారదు. రాక్స్‌బర్గ్ మొదటి సంపుటంలోని 17వ పటం సోమి చెట్టు. జ్వరానికి దాని పట్ట పనికొస్తుందని నమ్మి ఆయన దానిని మహాగని ప్రజాతిలో చేర్చి, స్వీటెనియా ఫెబ్రిఫ్యూగా అన్నాడు. 1830లో అడ్రియన్ జుస్యూ దాన్ని వేరే ప్రజాతిగా విడదీసి, తెలుగువారు పిలిచే పేరుతోనే సోయ్‌మిడా అని పెట్టాడు. పేరు మారింది గానీ, ఏ చెట్టు గురించి మాట్లాడుతున్నారో తేల్చడానికి ఇద్దరికీ అదే పటం ఉంది. మూడో పటంలోని చిరివేరు, అంటే అద్దకపు బట్టలకు ఎరుపునిచ్చిన మొక్క, పొలంగట్ల మీద వెతికేవారికి నేటికీ ఆ పటం గుర్తుపట్టడంలో తోడ్పడుతుంది.

తునికి పటం వేసిననాటికి ఆ చెట్టు విలువ చేవలో ఉంది. ముదిరిన మానులో నల్లగా ఉండే చేవ గట్టి కలప. శాస్త్రీయ నామంలో నలుపు వచ్చి చేరింది దానివల్లే. ఇప్పుడు దాని విలువ ఆకులో ఉంది. భద్రాచలం, ఆదిలాబాద్ అడవుల్లో ఏటా వేసవికి ముందు కొమ్మలు నరికి, చిగురించిన లేత ఆకును ఏప్రిల్, మే నెలల్లో కోస్తారు. 50 ఆకుల కట్టలు కట్టి కల్లాల్లో ఎండబెడతారు. బీడీకి కావలసినది నూగు ఇంకా పూర్తిగా పోని, చుట్టినా విరగని, ఈనెలు మరీ ఉబ్బని ఆకు. చిత్రకారుడు లేత ఆకుకూ ముదురు ఆకుకూ మధ్య జాగ్రత్తగా చూపించాల్సిన తేడానే ఆకు కోసే ఆదివాసీ స్త్రీ చేతివేళ్లతో తెలుసుకుంటుంది.

రాక్స్‌బర్గ్ గ్రంథం తర్వాత రాగిరేకుల కాలం ఎక్కువ రోజులు సాగలేదు. 18వ శతాబ్దం చివర జర్మనీలో సెనెఫెల్డర్ కనిపెట్టిన రాతి అచ్చులో జిడ్డు సుద్దతో రాతి మీద నేరుగా గీస్తే చాలు, చెక్కాల్సిన పని లేదు. దాంతో ఖర్చు తగ్గింది. మద్రాసులో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ 1838 నుంచి 1853 దాకా ఈ పద్ధతిలోనే 2,101 పటాలతో ఆరు సంపుటాల ‘ఐకోనిస్ ప్లాంటారమ్ ఇండియే ఓరియెంటాలిస్’ తెచ్చాడు. చాలా పటాలకు రంగులు లేకపోయినా రాక్స్‌బర్గ్ గ్రంథంలో లేనిది ఒకటి వాటి మీద ఉంది. చిత్రకారుల పేర్లు. రంగయ్య, గోవిందు అనే ఇద్దరు ఆ పటాలకు మూలచిత్రాలు వేసిన తెలుగు చిత్రకారులు. వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరు కూడా పెట్టాడు. అప్పటికి అరవై ఏళ్ల ముందు సామర్లకోటలో తునికి కొమ్మ వేసిన చేతికి ఇంత మాత్రపు గౌరవం దక్కి ఉండాల్సింది.

చేతిరంగుల అసలు పటానికీ, తర్వాత ఆఫ్‌సెట్‌లో అచ్చయిన నకలుకూ తేడా గుర్తించడానికి భూతద్దం చాలు. నకలులో రంగంతా సమానంగా పేర్చిన చిన్న చుక్కలుగా విడిపోతుంది. అసలులో గీత సిరాతో నిండి కాగితం నుంచి కొద్దిగా పైకి లేచి ఉంటుంది, వేలి కొనకు తగులుతుంది. రంగు చుక్కలుగా కాకుండా కుంచె ఎండిన అంచుతో మడుగులా ఉంటుంది. బొమ్మ చుట్టూ రేకు అంచు ఒత్తిన దీర్ఘచతురస్రపు పల్లం కనిపిస్తుంది. పుస్తకం కుట్టడానికి అంచులు కోసేసిన ప్రతుల్లో ఆ పల్లం పోయి ఉండవచ్చు. పాత పుస్తకాలను విప్పి పటాలను విడివిడిగా అమ్మే అలవాటు వల్ల పూర్తి సంపుటాలు తగ్గిపోతున్నాయి. విడిపోయిన పటం తన వర్ణనను పోగొట్టుకుంటుంది. రాక్స్‌బర్గ్ తెలుగువారి నోట విని రాసిన పేర్లు, వాడకాలు ఉన్న పుట వేరొకరి దగ్గర ఉండిపోతుంది. గ్రంథం మొత్తం డిజిటల్ రూపంలో ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది కాబట్టి, పటాన్నీ దాని వర్ణననూ కలిపి చదవాలనుకునేవారు ఇప్పుడు ఎక్కడున్నా చదవవచ్చు.